సరళీస్వరాలూ, సముద్రపు కెరటాలూ

పోయిన నెల ఒక ఇంటి తగవు తీర్చడానికి వెళ్ళి, తీర్పు చెప్పలేక తిరిగివచ్చాము. తగవు ఆస్తిపాస్తులది కాదు, గిటారుది. మన సంఘానికి తాతల నాటి నుంచి తెలిసిన కుటుంబం. పదహారేళ్ళ అమ్మాయి నాయనమ్మ దగ్గర వీణ మీద సరళీస్వరాలు, జంటస్వరాలు దాటి గీతాల దాకా వచ్చింది. ఇప్పుడు కరెంటు గిటారు కావాలంటున్నది. అదైనా ఎవరో పాడుతూ ఉంటే వెనుక తోడు వాయించడానికి కాదట. ముందు నిలబడి వరస తానే నడిపించాలట. పైగా అందులో పాడేవారే ఉండరట!

"మీరైనా నచ్చచెప్పండి" అన్నారు తండ్రిగారు. మేమూ నాలుగు మంచి మాటలు కూడబెట్టుకునే వెళ్ళాము.

అమ్మాయి వాదనకు దిగలేదు. "ముందు వినండి బాబాయిగారూ" అని ఫోను మా చేతికిచ్చింది. అందులో నలుగురు స్త్రీలు, జుట్టు కొప్పులుగా పైకెత్తి కట్టుకుని, 1960ల నాటి వేషంలో వాయిస్తున్నారు. సర్ఫ్రజెట్స్ అని పేరు. కెనడాలోని టొరాంటోలో 2015లో కూడిన దళం. లీడ్ గిటారు షెర్మీ ఫ్రీమన్ అనే ఆమెది. 2022లో 'రోలర్ ఫింక్' అనే ఆల్బం వెలువరించారు. పాట లేదు, మాట లేదు, గొంతు చేయవలసిన పని అంతా ఆమె గిటారే చేస్తున్నది. సంగతులు స్పష్టంగానే ఉన్నాయని ఒప్పుకోక తప్పలేదు.

దీన్ని సర్ఫ్ సంగీతం అంటారట. కాలిఫోర్నియా తీరాన పలక మీద నిలబడి కెరటాల మీద జారే ఆట ఒకటున్నది. ఆ కుర్రకారు కోసం 1960ల మొదట్లో పుట్టిన బాణీ ఇది. మన నాందేడులో గోదావరి ఉన్నది గాని కెరటం ఏదీ? ఈ నీళ్ళు బాసర దాటి, రాజమహేంద్రవరం దాటి, అంతర్వేది చేరితే గాని ఉప్పు రుచి చూడవు. అయినా ఆ వాద్యంలో నీటి చప్పుడు మాకూ వినిపించింది. కిటుకు అమ్మాయే చెప్పింది. గిటారు ధ్వనిని ఒక పెట్టెలోని స్ప్రింగుల గుండా పంపుతారు. స్ప్రింగులు వణుకుతాయి, ధ్వని నూతిలో పలికినట్టు తడితడిగా తిరిగి వస్తుంది. ఫెండర్ కంపెనీ 1961లో ఇటువంటి పెట్టెను విడిగా అమ్మకానికి తెచ్చింది.

ఈ బాణీకి పెద్ద డిక్ డేల్. 1937లో పుట్టి 2019లో పోయాడు. తండ్రి వైపు వారు లెబనాన్ దేశస్థులు. ఎడమచేతి వాటం మనిషి. లావాటి తంతులను వేగంగా, ఎడతెగకుండా మీటి ఎన్నో స్పీకర్లను తగలబెట్టాడంటారు. ఇదంతా మగవారి వ్యవహారమనుకుంటే పొరపాటు. ఆ తొలి రోజుల్లోనే కాథీ మార్షల్ అనే బడిపిల్ల ఎడ్డీ అండ్ ది షోమెన్ దళంతో వేదికెక్కి వాయించి, సర్ఫ్ గిటారు రాణి అనిపించుకున్నది. అంటే మన అమ్మాయి కొత్తగా తెచ్చిన పేచీ ఏమీ కాదన్నమాట.

ఇక అసలు సంగతి. అమ్మాయి డేల్ 1962లో వాయించిన 'మిసిర్లూ' పెట్టింది. 1920ల నాటికే గ్రీకుల రికార్డులలోకి ఎక్కిన పాత వరస అది. లోపలి గదిలో చిక్కుడుకాయలు వలుస్తున్న నాయనమ్మ చేయి ఆపి, "ఇది మాయామాళవగౌళనే గద బిడ్డా! ఎవరో ఎంటబడి తరుముతున్నట్టు ఎందుకట్ల కొడుతుండు?" అన్నది.

మేము నివ్వెరపోయాము. నిజమే. శుద్ధ రిషభం, అంతర గాంధారం, శుద్ధ ధైవతం, కాకలి నిషాదం అన్నీ అక్కడే ఉన్నాయి. పురందరదాసు పిల్లల తొలిపాఠానికి ఏర్పరచాడని చెప్పుకునే రాగపు స్వరాలే ఇవి. మన మరాఠీ ఇరుగుపొరుగు భైరవ్ అనేదీ ఈ మేళమే. నాయనమ్మ నేర్పిన మొదటి పాఠాన్ని పట్టుకునే ఆ పిల్ల కాలిఫోర్నియా దాకా పోయిందన్నమాట.

తండ్రిగారు మెత్తబడలేదు. ఆయన బాధ రాగంతో కాదు. వచ్చే ఏడు పన్నెండో తరగతి పరీక్షలు. ఆ పైన సంబంధాలు. నలుగురి ముందు నిలబడి కరెంటు వాద్యం వాయించిందంటే ఎవరేమంటారో అని. మేము పాలకొల్లు ఉప్పలపు శ్రీనివాస్ కథ ఎత్తాము. కరెంటు మాండొలిన్ మీద కర్ణాటక సంగీతమేమిటని మొదట ముఖం చిట్లించినవారు ఉన్నారు, తరువాత ఆయన కచేరీకి పరుగెత్తినవారూ ఉన్నారు. "ఆయన మగపిల్లవాడు గదండీ" అన్నారాయన. మా దగ్గర జవాబు లేకపోయింది.

జవాబు నాయనమ్మ చెప్పింది. "నా వీణ గూడ పెండ్లయినంక పద్దెనిమిదేండ్లు బట్ట కప్పుకొని మూలకు కూసున్నది. నీకు యాదికున్నదా? నువ్వు దాని మీద పుస్తకాలు పెట్టుకునేటోనివి."

ఆయన మాట్లాడలేదు. లేచి పెరటిలోకి వెళ్ళారు. కాసేపటికి తిరిగివచ్చి, పెట్టెతో కలిపి ఎంతవుతుందని మాత్రం అడిగారు. ఇంకా సరేననలేదు, అదీ చెప్పాలి. పరీక్షలు ముగిసేదాకా అరువు గిటారేనని అమ్మాయి కూడా ఒప్పుకున్నది.

ఈలోగా మేమొక సాహసం చేశాము. ఉగాది కార్యక్రమంలో నాయనమ్మకూ మనుమరాలికీ కలిపి పావుగంట కేటాయించాము. మొదట వీణ మీద సరళీస్వరాలు, వెంటనే గిటారు మీద మిసిర్లూ. "పాట లేని అంశమేమిటండీ?" అని కార్యవర్గంలో ఒకరు అడిగారు. నాగస్వరానికి పాటెవరు పాడుతున్నారండీ అన్నాము. అభ్యంతరమున్నవారు ముందుగానే మాకు తెలియజేయవచ్చు. శబ్దం ఎక్కువవుతుందని భయపడే పెద్దలకు వెనుక వరుసలో, తలుపు పక్కన, కుర్చీలు వేయిస్తున్నాము.