పేరు మారదు, చిరునామా మారుతుంది

మనము కంప్యూటరును పేరుతో పిలుస్తాము. నెట్‌వర్కు దానిని ఐ.పి. చిరునామా అనే అంకెలతో గుర్తిస్తుంది. ఏ పేరుకు ఏ అంకెలో చూపే పట్టికయే డి.ఎన్.ఎస్. ఆ పట్టిక తప్పినచో, సరియైన పేరు వ్రాసినవారు కూడా తప్పు గుమ్మము ముందు నిలుస్తారు. కనుక పట్టికను దిద్దే అధికారము ఎవరికి ఉండవలెననే ప్రశ్న అందరికీ సంబంధించినదని మా అభిప్రాయము.

1980 దశకపు తొలి సంవత్సరముల వరకు అమెరికాలోని ఆర్పానెట్ నెట్‌వర్కులో ఈ పట్టిక యావత్తు ఒకే ఫైలు. కాలిఫోర్నియాలోని ఎస్.ఆర్.ఐ. సంస్థవారు దానిని దిద్దేవారు. తక్కినవారు ప్రతిని తెచ్చుకొనేవారు. యంత్రములు పెరిగినకొద్దీ ఈ పద్ధతి అసాధ్యమైనది. 1983లో పాల్ మొకాపెట్రిస్ రూపొందించిన డి.ఎన్.ఎస్. ఆ భారమును అనేక సర్వర్లకు పంచినది. అయినను దిద్దే చేయి మనిషిదే.

1993లో వెలువడిన డి.హెచ్.సి.పి. పద్ధతి కంప్యూటరుకు చిరునామాను కౌలుకిచ్చినట్లు కొంత గడువుకు మాత్రమే ఇస్తున్నది. చిరునామా మారగానే పాత నమోదు అబద్ధమవుతుంది. దీనికి విరుగుడుగా 1997లో ఆర్.ఎఫ్.సి. 2136 అనే ప్రమాణ పత్రము వచ్చినది. దాని ప్రకారము క్రొత్త చిరునామా పొందిన కంప్యూటరు గాని, దానికి చిరునామా ఇచ్చిన సర్వరు గాని డి.ఎన్.ఎస్. సర్వరుకు సందేశము పంపి, పాత నమోదును తీసివేయించి క్రొత్తది చేర్పించగలదు. ఇతర సర్వర్లు దాచుకొన్న పాత ప్రతి మాత్రము దాని కాలపరిమితి ముగిసే వరకు నిలుస్తుంది. ఆ పరిమితి 300 సెకన్లయితే, అయిదు నిమిషముల వరకు వేచి ఉండవలసి రావచ్చును.

ఇంతవరకు మెచ్చుకొనదగినదే. అయితే అడిగినవారందరి మాట విని సర్వరు పట్టికను దిద్దితే ఏమవుతుంది? రక్షణ లేనిచో, సర్వరును చేరగలిగిన ఎవరైనను నమోదులను మార్చగలరని ఆ పత్రమే హెచ్చరించినది. విద్యార్థి ఉపకారవేతనపు దరఖాస్తు కొరకు కళాశాల సర్వరు పేరునే వ్రాస్తాడు. చేరేది మాత్రము మరొకరి యంత్రము. తన పాస్‌వర్డును చేజేతులా అప్పగించే ప్రమాదమున్నది. 2000లో ప్రమాణమైన టి-సిగ్ పద్ధతిలో, ఇరువైపులకు మాత్రమే తెలిసిన రహస్య సంకేతముతో, సమయముతో సహా, ప్రతి సందేశము మీద ముద్ర పడుతుంది. ముద్ర సరిపోనిచో సర్వరు మార్పును నిరాకరిస్తుంది.

ఇది శ్రమ అని కొందరు ముద్ర లేకుండానే మార్పులను అనుమతిస్తారు. మరికొందరు భయపడి మరల చేతి వ్రాతకే మొగ్గుతారు. ఈ రెండును మాకు సమ్మతము కావు. భూమి రికార్డులో పేరు మార్చవలెనన్న దస్తావేజు చూపవలసి ఉన్నది. ఆ నిబంధన హక్కుదారుని కాపాడుటకే. నెట్‌వర్కు పట్టికకును అదే న్యాయము.

కళాశాల కమిటీవారికి మా మనవి: స్వయంచాలక నమోదు ఉన్నచోట ముద్రను తప్పనిసరి చేయవలెను. ఏ కంప్యూటరైనను తన పేరును తప్ప మరొక పేరును మార్చలేని విధముగా హద్దు పెట్టవలెను. తొలగించిన యంత్రముల నమోదులను అప్పుడప్పుడు ఏరివేయవలెను. విద్యార్థులకు ఈ పనులను ప్రయోగశాలలో స్వయముగా చేసి నేర్చుకొనే అవకాశము కల్పించవలెను. యంత్రము తనంతట తాను పని చేయవచ్చును. ఎవరి మాట నమ్మవలెనో దానికి ముందుగా చెప్పవలసినది మనమే.