పెరటి మీద డ్రోను ఎగిరితే కొట్టి పడేయవచ్చా?

మీ పెరట్లోకి ఒక డ్రోను వచ్చి, కందిరీగలా రొద చేస్తూ తలపైన ఆగిందనుకోండి. దానికి కెమెరా ఉంది. మీ చేతిలో వడిసెల ఉంది. ఏం చేస్తారు? “మా ఇంటి మీద ఎగిరింది కాబట్టి కొట్టి పడేస్తాం” అంటారు మీలో చాలామంది. ఆ కోపం న్యాయమైనదే. కాని కొట్టడం మాత్రం సరికాదని నా అభిప్రాయం. ఎందుకో చూద్దాం.

ఇంతకీ ఇంటిపైనున్న ఆకాశం ఎవరిది? నేల ఎవరిదో, దానిపైనున్న ఆకాశమంతా వారిదేనని పూర్వం ఇంగ్లండులో ఒక న్యాయసూత్రం ఉండేది. విమానాలు వచ్చాక అది చెల్లలేదు. అమెరికాలోని నార్త్ కెరొలైనాలో కాస్బీ అనే ఆయన కోళ్లను పెంచేవాడు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో సైనిక విమానాలు ఆయన ఇంటికి 67 అడుగుల పైనుంచే వెళ్ళేవి. ఆ మోతకు బెదిరి, గోడలకు కొట్టుకొని 150 దాకా కోళ్లు చచ్చాయి. 1946లో అక్కడి సుప్రీంకోర్టు ఇలా తేల్చింది: ఆకాశమంతా ఆయనది కాదు; కాని నేలను అనుభవించడానికి కావలసినంత ఎత్తు మాత్రం ఆయనదే. అది ఎన్ని అడుగులో కోర్టు గీత గీయలేదు. నేటి చిక్కంతా అక్కడే ఉంది.

2015లో కెంటకీ రాష్ట్రంలో ఒకాయన తన పెరటి మీదకు వచ్చిన డ్రోనును తుపాకితో కాల్చాడు. అది 200 అడుగులకు పైనే ఉందన్నాడు డ్రోను యజమాని. చెట్లకంటే కిందికే వచ్చిందన్నారు సాక్షులు. స్థానిక న్యాయమూర్తి కాల్చినాయన మీద కేసు కొట్టివేశారు. యజమాని వేసిన దావాను 2017లో ఫెడరల్ కోర్టు, అది తన పరిధిలోనిది కాదని తోసిపుచ్చింది. అసలు ప్రశ్న తేలనే లేదు! అమెరికా చట్టం డ్రోనును కూడా విమానంగానే లెక్కిస్తుంది. విమానాన్ని ధ్వంసం చేస్తే 20 ఏళ్ల దాకా శిక్ష పడవచ్చు.

ఎత్తు దగ్గర ఎందుకు తగాదా వచ్చిందో గమనించారా? దగ్గరలోని చిన్న వస్తువూ, దూరంలోని పెద్ద వస్తువూ కంటికి ఒకేలా కనిపిస్తాయి. డ్రోను అసలు పరిమాణం తెలియనిదే దాని ఎత్తును కంటితో చెప్పలేం. అలాంటప్పుడు తీర్పూ, శిక్షా మన వడిసెలకే అప్పగించవచ్చా?

మీ భౌతికశాస్త్రం ఇంకో మాట కూడా చెబుతుంది. 45 మీటర్ల ఎత్తులో దెబ్బతిన్న 2 కిలోల డ్రోను సుమారు 3 సెకన్లలో నేలను తాకుతుంది. గాలి నిరోధాన్ని వదిలేస్తే, అప్పటికి దాని వేగం గంటకు 100 కిలోమీటర్లు దాటుతుంది. కింద పక్కింటి పసివాడు ఆడుకుంటుంటే? పైగా దానిలోని లిథియం బ్యాటరీ దెబ్బతింటే మంటలు లేవవచ్చు. ఎలుక మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకున్నట్టే గదా!

అయితే ఊరుకోవాలా? అక్కరలేదు. గోప్యత ప్రాథమిక హక్కని మన సుప్రీంకోర్టు 2017లో చెప్పింది. సమయం రాసుకోండి, ఫోటో తీయండి, పెద్దలతో కలిసి పోలీసులకు ఫిర్యాదు చేయండి.

“ఈలోగా డ్రోను వెళ్లిపోతుంది గదా” అంటారేమో. నిజమే. అందుకే చట్టమూ మారాలి. 2021 నాటి మన డ్రోన్ నిబంధనలు ఆకుపచ్చ మండలాల్లో 120 మీటర్ల పై హద్దు పెట్టాయి. ఇళ్ల మీద ఇంతకంటే కిందికి దిగరాదన్న హద్దు కూడా అంత స్పష్టంగా ఉండాలి. నమోదు కావలసిన డ్రోన్లు ఎగిరేటప్పుడు రేడియో ద్వారా తమ గుర్తింపును తెలపాలన్న నిబంధనను అమెరికా 2024 మార్చి నుంచి గట్టిగా అమలు చేస్తోంది. బండికి నంబరు పలక ఉన్నట్టే అన్నమాట. ఆ సంకేతాన్ని మామూలు ఫోనులోనే చదవగలిగితే, ఇంటివారికి వడిసెలతో పనే ఉండదు.

మీ తరగతిలో ఈ విషయం చర్చించండి. ఇళ్ల మీద ఆ కింది హద్దు ఎన్ని మీటర్లుండాలి? ఎందుకు?