టీకాకు దంపతులిద్దరును వెళ్లవలెను

కోడలు నెలతప్పినదని తెలిసినంతనే ఇంటి పెద్దలు ఏమి తినవలెనో, ఏమి తినరాదో చెప్పుదురు. అది ప్రేమతో చెప్పు మాట. ఆ ప్రేమనుండియే "కడుపుతో ఉన్న పిల్లకు సూదిమందు ఎందుకు? బిడ్డకేమైన అగునేమో!" అను సందేహమును పుట్టుచున్నది. దీనిని మౌఢ్యమని కొట్టివేయుట మాకు సమ్మతము కాదు. సందేహమునకు సమాధానము కావలెను.

ధనుర్వాతమును కలిగించు సూక్ష్మజీవులు మట్టిలో నుండును. శుభ్రముకాని కత్తితో బొడ్డు కోసినచో అవి శిశువు దేహములో ప్రవేశించును. కొద్ది దినములలోనే దవడలు బిగిసి, బిడ్డ పాలు త్రాగలేకపోవును. తల్లికి టీకా వేసినచో ఆమె రక్తమున ఏర్పడిన రక్షణశక్తి మావి ద్వారా గర్భస్థ శిశువునకు చేరును. సూది తల్లి చేతికి, రక్షణ ఇరువురికి. ఈ టీకావలనను, పరిశుభ్రమైన కాన్పులవలనను 2015లో మన దేశము తల్లులకు, పసికందులకు వచ్చు ధనుర్వాతమును నిర్మూలించినట్లు ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించినది. అయినను మట్టిలోని జీవులు నశింపలేదు. కావున టీకా మానరాదు.

ప్రభుత్వాసుపత్రులలో నేడు ఉచితముగా వేయు టీడీ టీకా ధనుర్వాతమునే గాక కంఠసర్పిని కూడ నివారించును. గర్భము తెలిసిన వెంటనే ఒక మోతాదు, నాలుగు వారములకు రెండవది. తట్టు టీకావంటి సజీవ టీకాలను గర్భిణులకు వేయరు. వైద్యులు ఈ విచక్షణ పాటించుచున్నారని పెద్దలు గ్రహించిన సగము భయము తీరును.

మనవారికి మరియొక చిక్కు కలదు. ఇంట తెలుగు, ఆసుపత్రిలో తమిళము, కన్నడము, ఒడియా లేక మరాఠీ. ఆంధ్రమునుండియో తెలంగాణమునుండియో వచ్చిన క్రొత్త కోడలికి నర్సు మాట తెలియదు. తెలిసిన భర్త వాకిటనే నిలుచును. తొలి కాన్పునకు పుట్టింటికి పోవునప్పుడు టీకా కార్డు అత్తవారింట నిలిచిపోవును. ఏ మోతాదు ఎన్నడు పడినదో అచ్చటివారికి చెప్పువారుండరు.

కావున భర్తలకు మా విన్నపము: భార్యతో కూడ లోనికి వెళ్లుడు. ఆమె సందేహములను డాక్టరుగారి నడిగి, సమాధానమును ఇంటిల్లిపాదికి తెలుగున చెప్పుడు. ప్రయాణమునాడు చీరెలకన్న ముందుగా కార్డును పెట్టెలో నుంచుడు. తెలుగు మాటాడుచు చదువనేరని బంధువులకు పాఠకులు ఈ విషయము చదివి వినిపింపవలెనని కోరుచున్నాము. నిర్ణయము ఆ దంపతులదే. తెలిసి నిర్ణయించుకొనునట్లు తోడ్పడుట మనందరి విధి.