తేదీల పారతంత్ర్యము

కాలమును లెక్కించు అధికారము ఎవనిదో, పరిపాలనాధికారమును వానిదే యగును. శిస్తు చెల్లింపవలసిన దినమును, న్యాయస్థానమున హాజరు కావలసిన దినమును, కచేరి తలుపులు మూయు దినమును నిర్ణయించువాడే ప్రభువు. ఆ దినము నెఱుగనివాడు ఎంతటి హక్కుదారుడైనను గుమ్మము కడనుండి తిరిగిపోవలసినదే. హక్కు చట్టములో నుండును. దాని ప్రాణము గడువులో నుండును. ఈ సత్యమును ఖమ్మము సీమకును భద్రాచల మన్యమునకును నడుమ నివసించు జనులకు వేఱుగ బోధింపనక్కఱలేదు.

ఈ సరిహద్దు ఒకప్పుడు రెండు రాజ్యములకే కాదు, రెండు కాలగణనములకును సరిహద్దై యుండెను. గోదావరి యెడమగట్టున నున్న భద్రాచలము 1874లో మధ్యపరగణాలనుండి మదరాసు రాజధానిలో చేరెను. కుడిగట్టున బూర్గంపహాడు, పాల్వంచ, ఖమ్మము నిజాము రాజ్యమున నుండెను. ఉభయత్ర రెవిన్యూ లెక్కలు ఫసలీ సంవత్సరముననుసరించియే నడచెడివి. అయితే మదరాసు ఫసలీ జులై 1వ తేదీతో ఆరంభమగుచుండగా, హైదరాబాదు ఫసలీ ఆజూరు మాసముతో, అనగా అక్టోబరు మొదటివారమున, ఆరంభమగుచుండెను. కావున ఏటికి మూడు మాసములు ఆ గట్టున నొక సంవత్సరము, ఈ గట్టున మఱియొక సంవత్సరము. 1947 ఆగస్టు 15వ తేదీన భద్రాచలమున ఫసలీ 1357. అదే దినమున బూర్గంపహాడున ఫసలీ 1356. పడవ యెక్కి నది దాటినవాడు ఒక యేడు వెనుకకు పోయెడివాడు! గట్టు మాఱినంత మాత్రమున దస్తావేజు మీది సంవత్సరము మాఱిపోవుచుండగా, కౌలుదారునకు లెక్క చెప్పువాడు కరణమొక్కడే. ఆ లెక్కను సరిచూచువాడు లేడు.

1948లో నిజాము ప్రభుత్వము కూలినది. 1959లో భద్రాచలము ఖమ్మము జిల్లాలో చేరినది. గట్లు రెండును ఒకే తేదీ నెఱిగినవి. కాని 2014లో రాష్ట్రవిభజన జరిగి, భద్రాచల పట్టణము తెలంగాణమున నిలిచి, దాని చుట్టునున్న పల్లెలనేకము ఆంధ్రప్రదేశమునకు పోయినవి. నేడు పట్టణమునుండి ఏటపాకకు కాలినడకను పోవువాడు ఒక సెలవుల పట్టికనుండి మఱియొక సెలవుల పట్టికలోనికి అడుగు పెట్టుచున్నాడు. జూన్ 2వ తేదీ ఇచ్చట అవతరణదినోత్సవము, అచ్చట పనిదినము. బోనాలకు, బతుకమ్మకు ఇచ్చట సెలవు, అచ్చట లేదు. పట్టణమున అంగడి, పల్లెలో పొలము, ఒక రాష్ట్రమున వ్యాజ్యము, మఱియొక రాష్ట్రమున బడి గల కుటుంబము ఎన్ని పట్టికలు చూడవలెను? న్యాయస్థానపు వాయిదాలు, గిరిజనాభివృద్ధి సంస్థ దర్బారులు, తునికాకు కోత దినములు, రామాలయపు ఉత్సవములు, మేడారము జాతర, వారపు సంత: ఇన్ని కాలములు ఒక మనుష్యుని తలలో నిలువవలెను.

ఇన్ని తేదీలు మనకు చేరు విధమెట్టిది? ఒక కాగితమునకు తీసిన ఛాయాచిత్రము. అది చేతి ఫోనునుండి చేతి ఫోనుకు ప్రాకుచు, ప్రతి మజిలీయందును మసకబాఱుచు, ఏ సంవత్సరపుదో తెలియకుండ మన చేతికి వచ్చును. దానిలో వెదకుటకు వీలులేదు. దానిని సరిదిద్దుటకు వీలులేదు. మఱియొక పట్టికతో కలుపుటకు అసలే వీలులేదు. లేదా, తేదీలన్నియు ఒక విదేశీయ వ్యాపారసంస్థ యొక్క యంత్రశాలలో దాచుకొని, వారి దయ యున్నంతకాలము చూచుకొనవలెను. మొదటిది అరాచకము, రెండవది పారతంత్ర్యము. ఈ రెంటికిని నడుమ మూడవ మార్గము కలదనియు, అది అరువది యేండ్లు కూడ నిండని కంప్యూటరు సంప్రదాయములోనే భద్రముగ నున్నదనియు చెప్పుటకే యీ వ్యాసము.

గడువు దప్పుట యెంత సులభమో మొదట చూతము. 2006 నాటి అటవీ హక్కుల చట్టము 6వ సెక్షను ప్రకారము గ్రామసభ తీర్మానముపై అసంతృప్తి గలవాడు తీర్మానము జరిగిన దినమునుండి 60 దినములలో ఉపవిభాగ సమితికి విన్నవింపవలెను. 60 దినములన జనులు రెండు నెలలందురు. తీర్మానము 2025 జులై 1న జరిగినదనుకొందము. రెండు నెలలని నమ్మినవాడు సెప్టెంబరు 1వ తేదీ సోమవారమున పత్రము పట్టుకొని పోవును. కాని గడువు ఆగస్టు 30వ తేదీ శనివారముతోనే తీరిపోయినది! తాతతండ్రులనాటినుండి దున్నుకొన్న పోడు రెండు దినముల తేడాలో సందేహాస్పదమగును. తీర్మానము జూన్ 10న జరిగినచో గడువు ఆగస్టు 9వ తేదీ. అది రెండవ శనివారము, కచేరికి సెలవు. కచేరి తిరిగి తెఱచిన దినమున దాఖలు చేసినను చెల్లునని 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టము 10వ సెక్షను ఆదుకొనును. కాని సెలవుల పట్టిక చేత లేనివానికి ఆ రక్షణ యున్నదన్న సంగతియే తెలియదు. లెక్క, పట్టిక: ఈ రెండును కలిసిననే గడువు.

ఈ లెక్కను తప్పక చేయు పనిముట్లు సామాన్యమైనవి. కమాండ్ లైను, అనగా బొమ్మలు లేక మాటలతోనే యంత్రమునకు ఆజ్ఞ యిచ్చు పద్ధతి, యూనిక్సు కాలమునాటిది. అందు ‘డేట్’ అను ఆజ్ఞకు ఒక దినమును, 60 అను సంఖ్యను ఇచ్చిన క్షణములో గడువుదినము చెప్పును. 1979 నాటి యూనిక్సు ఏడవ కూర్పుననే ‘క్యాలెండర్’ అను ఆజ్ఞ గలదు. మనము పంక్తికొక తేదీ చొప్పున వ్రాసియుంచిన సాదా పాఠమును చదివి, నేటివియు ఱేపటివియు ఏరి యిచ్చును. పిమ్మట ‘రిమైండ్’, ‘కాల్‌కర్స్’, ‘ఖాల్’, ఈమాక్సులోని ‘ఆర్గ్ మోడ్’ మున్నగునవి పుట్టినవి. ఇవన్నియు స్వేచ్ఛా సాఫ్ట్‌వేరులు. మూల్యము లేదు, పాత కంప్యూటరైనను చాలును.

వీని కన్నింటికిని ఉమ్మడి భాష యొకటి కలదు. 1998లో ‘ఐక్యాలెండర్’ అను ప్రమాణము వెలువడి 2009లో సంస్కరింపబడినది. దాని రహస్యమేమన, అందు రహస్యమే లేదు. ఒక పంక్తిలో ఎనిమిది అంకెల తేదీ, మఱియొక పంక్తిలో విషయము, ఇంకొక పంక్తిలో స్థలము. కంటితో చదువదగిన సాదా పాఠము. 2007లో వచ్చిన ‘క్యాల్‌డావ్’ ప్రమాణము ఈ పాఠమును ఒక యంత్రమునుండి మఱియొక యంత్రమునకు చేర్చు మార్గమును నిర్ణయించినది. ‘వీడిర్‌సింకర్’ అను పనిముట్టు దూరపు యంత్రశాలలోని తేదీలను తెచ్చి, తేదీ కొక దస్త్రము చొప్పున మన గృహముననే భద్రపఱచును. ‘ఖాల్’ ఆ దస్త్రములను చదివి, ఈ వారపు కార్యక్రమమును వరుసగ పంక్తులలో నిచ్చును. అడవిలో సంకేతము లేని దినములలోను అది మన చేతనే యుండును. సంకేతము దొఱకినప్పుడు ఒకమారు కలుపుకొనిన చాలును. ఒకే తేదీని ఇరుప్రక్కల మార్చియున్నచో, ఎవరిమాట నెగ్గవలెనో మనము ముందుగ చెప్పియుండనిచో, అది తనంతట తీర్పు చెప్పదు. వివాదము కలదని చెప్పి ఆగును. మన ప్రభుత్వములు ఈపాటి వినయమును నేర్చినచో ఎంత బాగుండును!

ఆక్షేపణలు లేకపోలేదు. “చేతి ఫోను ఇన్నియు తానే చేయుచుండగా ఈ నల్లతెర యేల?” యని కొందఱందురు. చేయును, ఎంతకాలము? గూగుల్ క్యాలెండరు ఒకప్పుడు మామూలు ఫోనులకు సందేశముల ద్వారా తేదీలను గుర్తుచేయుచుండెను. 2015 జూన్ 27తో ఆ యేర్పాటు నిలిపివేసిరి. మీటల ఫోనే గతియైన పల్లెవాని నెవరైన అడిగిరా? సన్‌రైజ్ అను తేదీల పరికరమును 2015లో మైక్రోసాఫ్టు కొని, 2016లో మూసివేసినది. ఇవి ద్రోహములు కావు; వ్యాపారధర్మములు. అంగడివాడు అంగడి కట్టివేయును. మన ధాన్యమంతయు అతని కొట్టులోనే యుంచుట మన అవివేకము. కొట్టు మూతపడినను ధాన్యము మన గాదెలో నుండవలెను. సాదా పాఠమే ఆ గాదె. ఏటికి 365 పంక్తులు, పంక్తికి 150 బైట్ల చొప్పున 54,750 బైట్లు. ఒక్క ఛాయాచిత్రము పట్టు చోటులో ఎన్నో యేండ్ల తేదీలు పట్టును.

“ఇది ఆంగ్లేయుల పనిముట్టు, మన తిథులకు పనికిరాదు” అని మఱికొందఱందురు. ఇందు కొంత నిజమున్నది, నిజమున్నంతవఱకు ఒప్పుకొందము. శ్రీరామనవమి 2023లో మార్చి 30న, 2024లో ఏప్రిల్ 17న, 2025లో ఏప్రిల్ 6న వచ్చినది. సూర్యచంద్రుల యెడము 12 భాగలు పెఱుగుటకు పట్టు కాలము తిథి. దానిని సూర్యోదయముతో ముడిపెట్టి పర్వము నిర్ణయింతుము. మధ్య అధికమాసములు వచ్చును. ఏటేట ఇదే తేదీ యను పునరావృత్తి నియమములో ఇది యిముడదు. 2015లో ఇతర పంచాంగములకై వెలువడిన అనుబంధ ప్రమాణమును మన తిథినియమమును పూర్తిగ అందుకొనలేదు. తెలుగు లిపికి మఱియొక చిక్కు. ఆ ప్రమాణమున పంక్తి 75 బైట్లకు మించరాదు, మించిన మడవవలెను. ఆంగ్లాక్షరమున కొక బైటు. మన వర్ణమునకు మూడు. ‘భద్రాచలము’ అను పేరొక్కటే 27 బైట్లు. అజాగ్రత్తగ వ్రాసిన పరికరము అక్షరము నడుమనే పంక్తిని విఱిచి, పేరును ముక్కలు చేయును.

అయినను దీనినిబట్టి తేలునదేమి? పనిముట్టును పాఱవేయవలెననియా? సాదా పాఠమగుటచేతనే ఆ విఱిగిన అక్షరమును మనము చూడగలిగితిమి, సరిదిద్దగలము. మూసిన పెట్టెలో విఱిగినచో తెలియనే తెలియదు. తిథులకు పునరావృత్తి నియమ మక్కఱలేదు. పంచాంగకర్త లెక్కించిన తేదీలను ఏటికొక పట్టికగ వ్రాసిన చాలును. 2024లో దీపావళి అక్టోబరు 31ననా, నవంబరు 1ననా యని దేశమంతట వాదము చెలరేగినది. పట్టికలు రెండును పాఠరూపమున నున్నచో తేడా ఎచ్చటనో ఒక్క ఆజ్ఞతో బయటపడును. ఏది యనుసరింపవలెనో పెద్దలు నిర్ణయింతురు.

ఇచ్చట చరిత్ర మఱియొక పాఠము చెప్పుచున్నది. 1952లో మేఘనాథ సాహా అధ్యక్షతను ఏర్పడిన సంస్కరణసంఘము ఈ దేశమున సుమారు ముప్పది పంచాంగములు వాడుకలో నున్నవని కనుగొనినది. 1955లో నివేదిక నొసగినది. 1957 మార్చి 22న, శక 1879 చైత్రము 1గా, రాష్ట్రీయ పంచాంగము ప్రవేశపెట్టబడినది. అది గెజెట్టులలోను ఆకాశవాణిలోను నిలిచినదే గాని ఇండ్లలోనికి రాలేదు. శాస్త్రదోషముచేత కాదు, ఒకదానిని నిలుపుటకై తక్కినవానిని మఱువుమన్న, జనులు మఱువరు. మేడారము జాతర దినములను అచ్చటి పూజారులే నిర్ణయింతురు. బీజపండుగ నెప్పుడు చేయవలెనో కోయపల్లె పెద్దలకు తెలియును. వారి కాలమును తీసివేయ నెవరికిని అధికారము లేదు. కావలసినది పంచాంగముల ఏకత్వము కాదు, పొందిక. ఎవరి పట్టిక వారిదే. అన్నియు ఒకే లిపిలో, ఒకదానితో నొకటి మాటలాడునట్లుండవలెను.

“పల్లెవాడు కమాండ్ లైను నేర్చునా?” యన్నది కడపటి ఆక్షేపణ. ఉగాదినాడు పంచాంగము చదువువాడు ఊరికొక్కడు, వినువారు ఊరంతయు. వాడు గణితము నేర్వలేదని పల్లెకు పండుగ దప్పినదా? ప్రతి గ్రంథాలయమున, ప్రతి న్యాయవాదుల సంఘమున ఒక్క యువకుడు నేర్చిన చాలును. సోమవారము ఉదయమున అన్ని పట్టికలను కలిపి, వారపు కార్యక్రమమును తెలుగున ముద్రించి పఠనమందిరపు బల్లపై నంటించుటకు అరగంట పట్టదు. నాగరకుని సౌకర్యముగ తోచు నీ పనిముట్టు అడవివాసికి గడువును కాపాడు కవచమగును.

కావున మనము కోరవలసినవి మూడు. ఉభయ ప్రభుత్వములు తమ సెలవుల పట్టికలను ఛాయాచిత్రములుగ గాక ఐక్యాలెండర్ పాఠముగను ప్రకటింపవలెను. న్యాయస్థానములు వాయిదాలను తమ తెరపై చూపుటతో తృప్తిపడక, కక్షిదారుడు తన పట్టికలోనికి దింపుకొనునట్లు ఒసగవలెను. దేవస్థానములు, గిరిజనసంస్థలు, పాఠశాలలు తమ దినములను అదే రూపమున, తెలుగున, వెలువరింపవలెను. ఇందుకు కోట్ల ధనము కావలదు, చట్టసవరణ యక్కఱలేదు, ఒక గుమాస్తా యొక పూట శ్రమించిన చాలును.

ప్రభుత్వములు కదలువఱకు మనము చేతులు ముడిచికొనవలసిన పనిలేదు. చదువరులారా! మీ తేదీలను నేడే మీ యింటికి దింపుకొనుడు. పంక్తికొక తేదీగ వ్రాసికొనుడు. పొరుగువాని పట్టికతో సరిచూచుకొనుడు. ఒకప్పుడు నది దాటిన కౌలుదారునకు తన సంవత్సరమేదో ఒకడు చెప్పిననే తెలిసెడిది. అతని మనుమనికి తన గడువేదో తానే చదివికొను సాధనము లభించినది. దానిని వాడక విడిచినచో ఇక నిందింపదగినవారు నిజాములు కారు, కంపెనీలు కారు.