కల్లు బందైతే ఫిట్స్ ఎందుకొస్తాయి?

పాలమూరు, నల్లగొండ ఊళ్లలో ఈ మాట తరచూ వింటుంటాను: "మా తాతకు కల్లు లేకపోతే చేతులు వణుకుతయ్. రెండు సీసాలు పడితే మంచిగైతడు." దాంతో కల్లే మందని ఇంట్లోవాళ్లు అనుకుంటారు. నిజానికి ఆ వణుకు తెచ్చింది కూడా ఆ సీసానే.

చెట్టు నుంచి దించిన కల్లులో ఉండేది కొద్దిపాటి ఆల్కహాల్. కల్తీ కల్లులో మత్తు కోసం అల్ప్రాజోలం, డైజీపామ్, క్లోరల్ హైడ్రేట్ లాంటివి కలుపుతారు. 2020 లాక్‌డౌన్‌లో మందు, కల్లు దొరక్క ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు జనం క్యూ కట్టింది గుర్తుందా?

మెదడులో గ్లుటమేట్ నరాల కణాలను ఉరికిస్తుంది, గాబా నెమ్మదింపజేస్తుంది. అల్ప్రాజోలం గాబాకు బలమిస్తుంది. రోజూ అదే పడితే మెదడు సర్దుకుంటుంది: గాబా మాట వినడం తగ్గిస్తుంది, గ్లుటమేట్ జోరు పెంచుతుంది. ఒకరోజు కల్లు ఆగిందనుకోండి, ఆపేవాడు లేడు, ఉరికించేవాడే మిగిలాడు. వణుకు, నిద్ర పట్టకపోవడం, లేనివి కనిపించడం, చివరికి ఫిట్స్.

ఫిట్స్ ఆగకుండా వస్తుంటే కణం లోపల ఏమవుతుంది? గ్లుటమేట్ తెరిచిన దారుల్లోంచి కాల్షియం లోపలికి పోటెత్తుతుంది. కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియా ఆ కాల్షియాన్ని మింగి మింగి తడబడుతుంది. అక్కడ జారిపోయిన ఎలక్ట్రాన్లు ఆక్సిజన్‌కు అంటుకుంటే సూపరాక్సైడ్ అనే ఫ్రీ రాడికల్ పుడుతుంది. అదే కాల్షియం నైట్రిక్ ఆక్సైడ్‌నూ తయారు చేయిస్తుంది. రెండూ కలిస్తే ఇంకా ఘాటైన పెరాక్సీనైట్రైట్. ఇవి కణం పొరలోని కొవ్వును, ప్రొటీన్లను, డీఎన్ఏను దెబ్బ తీస్తాయి. హై వోల్టేజీలో నడిచిన బోరు మోటారు వైండింగ్ కాలినట్టే. దీనికి 1969లో జాన్ ఓల్నీ పెట్టిన పేరు ఎక్సైటోటాక్సిసిటీ.

మెదడు మన బరువులో 2 శాతమే అయినా, ఒంటికి అందే ఆక్సిజన్‌లో దాదాపు 20 శాతం వాడుకుంటుంది. పైగా అందులో కొవ్వు ఎక్కువ. అందుకే దానికి ఈ దెబ్బ గట్టిగా తగులుతుంది.

మరి మీరేం చేయాలి? అలవాటు పడ్డవాళ్లను ఇంట్లో కట్టేసి ఒక్కరోజులో మాన్పించొద్దు. అలాగని మళ్లీ కల్లు పట్టించడమూ దారి కాదు, ఏ సీసాలో ఎంత కలిపారో తాగేవాళ్లకు తెలియదు. డాక్టరైతే లెక్క ప్రకారం మందిచ్చి, మెల్లమెల్లగా తగ్గిస్తారు. మెదడు మళ్లీ సర్దుకోవడానికి టైమ్ దొరుకుతుంది.

ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. చేతిలో తాళాలు పెట్టొద్దు, నోట్లో నీళ్లు పోయొద్దు. 5 నిమిషాలు దాటినా, తెలివి రాకముందే మళ్లీ వచ్చినా వెంటనే 108కి ఫోన్ కొట్టండి. మాన్పించడం గురించి మాట్లాడాలంటే టెలి మానస్ 14416, ఉచితం. ఈ రెండు నంబర్లూ ఇప్పుడే సేవ్ చేసుకోండి. ఊర్లో ఉన్న అమ్మమ్మ ఫోన్లో కూడా.