వంట నేర్చుకోవడానికి డిగ్రీ ఎందుకంట!

మొన్న బక్రీద్ మర్నాడు మా ఆపా ఇంట్లో ఖాందాన్ అంతా కూడాం. దస్తర్‌ఖాన్ పరిచారు. బగారా అన్నం, దాల్చా, తలాహువా గోష్త్, చివర్లో డబల్ కా మీఠా. అంతా ఖుషీగా ఉన్న టైములో మా భాంజీ, అంటే ఆపా కూతురు, నోరు తెరిచింది. పిల్ల ఇంటర్ బైపీసీ మంచి మార్కులతో పాసైంది. నీట్ కూడా రాసింది. కీ చూసుకుంటే ఎంబీబీఎస్ సీటు వచ్చే మార్కులు కావని తేలిపోయింది. ‘ఇంకో ఏడాది కోచింగ్‌కి పోను. న్యూట్రిషన్, డైటెటిక్స్ చదువుతా. రిజిస్టర్డ్ డైటీషియన్ అవుతా’ అన్నది.

మా ఫూఫాజాన్ చేతిలో ముద్ద పట్టుకుని నవ్వారు. ‘పకానా సీఖ్నేకు డిగ్రీ కైకు? మా నై సిఖాతీ క్యా ఘర్ మే?’ అన్నారు. వంట నేర్చుకోవడానికి డిగ్రీ ఎందుకంట, ఇంట్లో అమ్మ నేర్పదా అని. దస్తర్‌ఖాన్ చుట్టూ కూచున్న వాళ్లంతా నవ్వారు. ఆపా కూడా నవ్వింది. పిల్ల లేచి వంటింట్లోకి పోయింది.

నేను? ఇరవై ఏళ్లుగా పత్రికల్లో రాస్తున్నవాణ్ణి, తాలీమ్ మీద ఎన్నో వ్యాసాలు అచ్చేయించుకున్నవాణ్ణి, నోట్లో ముద్ద నములుతూ కూచున్నాను. ఒక్క మాట మాట్లాడలేదు. ఆ ఖామోషీకి కఫ్ఫారా అనుకోండి, ఈ రాత.

ముందు మా అమ్మీ సంగతి చెప్పాలి. అమ్మీకి షుగర్ అని తేలిన రోజు మా జిల్లా కేంద్రంలో ఒక ప్రైవేటు దవాఖానాలో చేతికి ఒక కాగితం ఇచ్చారు. పైన అచ్చుపోసి ‘డైట్ చార్ట్’ అని ఉంది. ఉదయం ఓట్స్, లేదా ఇడ్లీ రెండు. పదకొండింటికి మొలకలు. మధ్యాహ్నం పుల్కాలు రెండు, సాంబారు. రాత్రి మళ్లీ పుల్కాలు రెండు. అన్నిటికంటే కింద: నాన్‌వెజ్ మానేయాలి. పేరు రాసే చోట మాత్రం పెన్నుతో అమ్మీ పేరు రాశారు. పక్క బెంచీ మీద ఒక పెద్దమనిషి కూచున్నాడు. జొన్నరొట్టె, తలకాయకూర తినే పల్లె మనిషి. ఆయన చేతిలోనూ అదే కాగితం. ఆయనకూ అవే ఓట్స్.

అమ్మీ ఆ కాగితాన్ని మడిచి పాన్‌దాన్‌లో పెట్టుకుంది. అందులో ఆమె ఇల్లు లేదు. పొద్దున్నే తినే ఖిచిడీ, ఖీమా, ఖట్టా లేవు. అంబాడే కా సాలన్ లేదు. శుక్రవారం దాల్చా లేదు. తనకు పనికొచ్చే మాట ఒక్కటీ లేని కాగితాన్ని ఎవరైనా ఏం చేస్తారు? చుట్టుపక్కల ఖాలాలు చెప్పినవి చేసింది. మెంతులు నానబెట్టి తాగింది. నేరేడు గింజల పొడి మింగింది. గోష్త్ మానేసి ఆ లోటు అన్నంతో పూడ్చుకుంది. గోష్త్‌లో పిండి పదార్థం దాదాపు ఉండదనీ, షుగర్‌ను పెంచుతున్నది పళ్లెంలోని అన్నం గుట్ట అనీ ఆమెకు కూచోబెట్టి చెప్పినవాళ్లు లేరు.

రంజాన్ వచ్చింది. రోజా మానమంటే అమ్మీ వింటుందా? రోజూ పొద్దున నాస్తాకు ముందు వేసుకునే షుగర్ గోలీని సెహ్రీలో వేసుకుని, రెండు ముద్దలు పెరుగన్నం తిని నియ్యత్ చేసుకుంది. అసర్ వేళకు చెమటలు, చేతుల వణుకు. ‘మగ్రిబ్‌కి ఇంకెంత సేపని!’ అంటూ జానమాజ్ మీదే ఒరిగిపోయింది. దవాఖానాకు తీసుకుపోయేసరికి షుగర్ 48. గ్లూకోజ్ ఎక్కించారు. డాక్టర్ మా మీద కేకలేశాడు, రోజా ఎవరుండమన్నారని. బీమార్లకు రోజా నుంచి రుఖ్సత్ ఉందని మాకూ తెలుసు. కానీ ఉండి తీరతానన్న మనిషికి ఏ గోలీ ఎప్పుడు వేసుకోవాలో డాక్టరూ ముందే చెప్పలేదు, సెహ్రీలో ఏం తినాలో చార్ట్ ఇచ్చినవాళ్లూ చెప్పలేదు. షుగర్ 70 కంటే దిగితే వెంటనే రోజా విప్పేయాలని ఎవరూ చెప్పలేదు. వేలికి సూది గుచ్చి షుగర్ చూసుకుంటే రోజా పోదన్న సంగతి కూడా ఆమెకు ఆ తర్వాతే తెలిసింది.

అమ్మీ ఇప్పుడు లేదు. కాగితం వల్ల పోయిందని అనను, అది జుల్మ్ అవుతుంది. కానీ ఆ కాగితం ఇంకా పాన్‌దాన్‌లోనే ఉంది. దాన్ని చూసినప్పుడల్లా ఒకటే సవాల్. ఆ కుర్చీలో మన వంటిల్లు తెలిసిన మనిషి ఉండుంటే?

ఫూఫాజాన్, ఇప్పుడు మీ మాటకొస్తాను. డైటెటిక్స్ అంటే వంట కాదు. ఆ చదువులో బయోకెమిస్ట్రీ ఉంటుంది, ఫిజియాలజీ ఉంటుంది, మైక్రోబయాలజీ ఉంటుంది. తిన్న ముద్ద రక్తంలోకి ఎట్లా పోతుందో, గుర్దేలు పాడైనవాళ్లకు పొటాషియం ఎందుకు జహర్ అవుతుందో, ఐసీయూలో ముక్కులోంచి గొట్టం వేసిన మనిషికి రోజుకు ఎన్ని కేలరీలు, ఎంత ప్రోటీన్ పోయాలో లెక్క కట్టడం ఉంటుంది. ఆ లెక్క తప్పితే మందు డోసు తప్పినట్టే. బావర్చీ పనిని నేను తక్కువ చేయడం లేదు, అదీ గొప్ప హునరే. కానీ ఇది వేరే ఇల్మ్.

తిండితో బీమారీని ఆపొచ్చంటే నమ్మబుద్ధి కాదా? జార్ఖండ్‌లో టీబీ రోగుల ఇళ్లలో ఒక పెద్ద అధ్యయనం జరిగింది. ఇంట్లో మిగతావాళ్లకు నెలనెలా రేషన్ అదనంగా ఇచ్చారు. ఇవ్వని ఇళ్లతో పోలిస్తే కొత్తగా టీబీ రావడం దాదాపు 40 శాతం తగ్గింది. 2023లో లాన్సెట్‌లో అచ్చయిన సంగతి ఇది. ఇచ్చింది మందు కాదు. బియ్యం, పప్పు వంటివే.

అసలు ఈ మాట మనకు ఎవరో చెప్పాలా? నేను ఉర్దూ మీడియంలో చదివినవాణ్ణి. మా ఊరి హకీంసాబ్ నబ్జ్ పట్టుకోగానే అడిగే మొదటి సవాల్, నిన్న ఏం తిన్నావని. యునానీలో ఇలాజ్ బిల్ గిజా అని ఒక దారి ఉంది. గిజాతోనే బీమారీని బాగుచేయడం. దవా దాకా పోకముందే దస్తర్‌ఖాన్‌ను సరిచేయడం. ఆ విర్సాకు వారసులమని చెప్పుకునే మనమే ఈరోజు ఆడపిల్ల అదే ఇల్మ్‌ను సైన్సుగా చదువుతానంటే పగలబడి నవ్వుతున్నాం! మనకు పర్హేజ్ మాత్రం మిగిలింది, గిజా పోయింది. ఏం తినొద్దో వందమంది చెప్తారు. ఏం తినాలో చెప్పేవాళ్లు లేరు.

‘సైన్సు మన పిల్లల వల్ల కాదు’ అనేవాళ్లకు ఒక సంగతి. ఉస్మానియా యూనివర్సిటీ 1918లో పుట్టింది, ఉర్దూ మీడియంలో. మన తాతలు అక్కడ సైన్సే కాదు, డాక్టరీ కూడా ఉర్దూలో చదివారు. సరిగ్గా ఆ 1918లోనే కూనూరులో బెరిబెరి జబ్బు మీద పరిశోధనకు ఒక చిన్న యూనిట్ పెట్టారు. అదే పెరిగి పెద్దదై 1958లో హైదరాబాద్‌కు వచ్చింది. ఇప్పుడు జాతీయ పోషకాహార సంస్థ, ఎన్‌ఐఎన్. తార్నాకలో, జామై ఉస్మానియా పక్కనే. దేశం మొత్తానికి ఎవరు ఎంత ప్రోటీన్ తినాలో, ఎంత ఉప్పు తినాలో చెప్పే ఇల్లు మన షహర్‌లోనే ఉంది. మనం దాని ముందు నుంచి బస్సులో పోతాం, బోర్డు కూడా చదవం.

ఆ ఎన్‌ఐఎన్ 2017లో వేసిన ఆహార పట్టికల్లో 528 పదార్థాలున్నాయి. గోంగూర ఉంది, మేక కార్జం ఉంది. అంటే సైన్సు మన దస్తర్‌ఖాన్‌ను బయట పెట్టలేదు. బయట పెట్టింది అందరికీ ఒకే కాగితం జిరాక్స్ తీసి పంచే బద్ధకం. మాంసం తినేవాణ్ణి చూడగానే ముఖం చిట్లించే అలవాటు కూడా కొంత. దానికి జవాబు కోపం కాదు. ఆ కుర్చీలో కూచోవడం.

అట్లాగని మన దస్తర్‌ఖాన్ మాసూమ్ ఏమీ కాదు. వలీమాలో బిర్యానీ, పైన డబల్ కా మీఠా, ఆ పైన ఖుబానీ కా మీఠా, మళ్లీ ఒక కూల్ డ్రింక్. ఇఫ్తార్‌లో పకోడీ లేకపోతే రోజా విప్పినట్టే ఉండదు మనకు. ఖర్జూరం సున్నత్, నిజమే. కానీ ఒక్క పెద్ద మెద్జూల్ ఖర్జూరంలో దాదాపు 16 గ్రాముల చక్కెర, అంటే నాలుగు చెంచాలు. షుగర్ ఉన్న మనిషి సున్నత్ పేరుతో ఐదు తింటే? ఐసీఎంఆర్ పరిశోధకులు 2023లో చెప్పిన లెక్క ప్రకారం దేశంలో 10 కోట్లమందికి షుగర్ ఉంది. ప్రతి ఖాందాన్‌లో ఇద్దరు ముగ్గురు కనిపిస్తూనే ఉన్నారు. ‘పకోడీ మానెయ్’ అని బయటివాడు చెప్తే మనం వినం. ‘ఖాలా, పకోడీ రెండే తినండి, చన్నా గుగ్గిళ్లు ఒక కటోరా తినండి, షర్బత్ వద్దు, మొదట నీళ్లు’ అని మన ఇంటి బోలీలో చెప్తే వింటాం. ముస్లిముకు ముస్లిమే చెప్పాలని కాదు నా వాదన. ఆ కుర్చీలో ఎవరున్నా అన్ని వంటిళ్లూ తెలిసి ఉండాలి. మన పిల్లలు ఆ క్లాసులో కూచుంటే పక్క సీటు పిల్లకు కూడా మన వంటిల్లు తెలుస్తుంది, మనకు వాళ్లది తెలుస్తుంది.

ఇక రిష్తా మాట. ‘నాలుగేళ్లు, ఆరేళ్లు చదివితే ఉమర్ దాటిపోతుంది’ అంటారు. అదే ఆరేళ్లు ఎంబీబీఎస్ చదువుతానంటే ఉమర్ గుర్తుకురాదు, అప్పు చేసి మరీ పంపుతారు! అంటే మీ బాధ ఉమర్ గురించి కాదు, పేరు ముందు డాక్టర్ అని లేదనే.

రోజ్‌గార్ మాట న్యాయమైన సవాల్. అబద్ధం చెప్పను. మొదట్లో తన్ఖా తక్కువే ఉంటుంది. కొన్ని చోట్ల ప్రోటీన్ పొడి డబ్బాలు అమ్మిపెట్టమంటారు, అమ్మొద్దు. కానీ పని ఉంది. దవాఖానాలు, డయాలిసిస్ సెంటర్లు, గురుకులాల హాస్టళ్లు, క్రీడా అకాడమీలు, పరిశోధన, సొంత క్లినిక్. గల్ఫ్‌కు పోవాలన్నా అక్కడి లైసెన్స్ తెచ్చుకునే దారి ఉంది. అమెరికాలో అయితే 2024 జనవరి 1 నుంచి ఆ పరీక్ష రాయాలంటేనే పీజీ ఉండాలి. వంట నేర్చుకోవడానికి పీజీ అడుగుతారా ఎవరైనా?

దారి కూడా చెప్తాను, తల్లిదండ్రులు రాసుకోండి. బైపీసీ తర్వాత న్యూట్రిషన్ లేదా హోంసైన్స్‌లో డిగ్రీ. హైదరాబాద్ సైఫాబాద్‌లో వ్యవసాయ యూనివర్సిటీ కమ్యూనిటీ సైన్స్ కాలేజీ ఉంది, తిరుపతిలో పద్మావతి మహిళా యూనివర్సిటీ ఉంది, డిగ్రీ కాలేజీలు చాలా ఉన్నాయి. ఆ తర్వాత ఎమ్మెస్సీ లేదా డైటెటిక్స్‌లో పీజీ డిప్లొమా. తర్వాత దవాఖానాలో ఇంటర్న్‌షిప్, వార్డు వార్డు తిరిగి నేర్చుకోవడం. అప్పుడు ఇండియన్ డైటెటిక్ అసోసియేషన్ పెట్టే పరీక్ష. పాసైతే పేరు పక్కన ఆర్‌డీ, రిజిస్టర్డ్ డైటీషియన్. 2021లో పార్లమెంటు చేసిన అనుబంధ వైద్య వృత్తుల చట్టంలోనూ డైటీషియన్ వృత్తి ఉంది. చేరేముందు కాలేజీకి ఏ గుర్తింపు ఉందో, ఇంటర్న్‌షిప్ ఎక్కడ చేయిస్తారో అడగండి. బీసీ-ఈ కింద వచ్చేవాళ్లు సర్టిఫికెట్ ముందే తీసిపెట్టుకోండి.

ఇంత దారి నడవకుండా మూడు నెలల ఆన్‌లైన్ సర్టిఫికెట్‌తో బోర్డు పెట్టుకునేవాళ్లున్నారు. ఫోన్‌లో వీడియోలు చేసి ‘ఈ కషాయం తాగండి, ఇన్సులిన్ పారేయండి’ అనేవాళ్లున్నారు. విచిత్రం చూడండి. ఆ వీడియోలను ఖాందాన్ గ్రూపులో రోజూ పంపేది మన ఫూఫాజానే! ఏ చదువూ లేనివాడి మాట మీద ఇన్సులిన్ ఆపడానికి సిద్ధం. చదువుకుంటానన్న పిల్లను చూసి నవ్వడానికి సిద్ధం.

ఇంకో మాట. ఈ చదువు ఆడపిల్లలకే ఎందుకు? మగపిల్లలూ చదవొచ్చు. దావత్‌లో దేగ్ ముందు నిలబడేది మగవాళ్లే కదా, నూనె ఎంత పోయాలో వాళ్లకూ తెలియాలి.

నిన్న రాత్రి భాంజీకి ఫోన్ చేశాను. ‘మామూ, అమ్మీ డిగ్రీలో బయోటెక్ పెట్టుకోమంటోంది, అదైతే ఎవరూ నవ్వరంట’ అన్నది. గొంతులో ఏడుపు లేదు, అదే నాకు భయమేసింది. పిల్ల దాదాపు ఒప్పేసుకుంది. ఎవరూ నవ్వని చదువు చదవడానికి.

వచ్చే ఇత్వార్ మళ్లీ ఆపా ఇంట్లో దావత్. పాన్‌దాన్‌లో కాగితం తీసి జేబులో పెట్టుకున్నాను. ఈసారి ముద్ద నోట్లో పెట్టుకోకముందే మాట్లాడతాను. మీ ఇంట్లో కూడా అట్లాంటి పిల్ల ఉంటే, మీరూ మాట్లాడండి.