గుమాస్తా కబుర్లు: మోత తగ్గితే మాట వినిపిస్తుంది

ఈ నెల కబుర్లు పాటతో మొదలుపెడుతున్నాను. నాకేదో సంగీతం వచ్చునని మీరు భ్రమపడవద్దు. పదో తరగతి ప్యాసై, 25 ఏళ్ళుగా ఆఫీసులో ఫైళ్ళు కట్టుకుంటున్న గుమాస్తాను. అయినా మన వీధి రామమందిరం భజన గోష్ఠిలో వెనక వరుసన కూర్చుని తాళాలు వేస్తూ ఉంటాను గనుక, ఆపాటి చనువుతో నాలుగు మాటలు చెబుతాను.

మొన్నొక ఆదివారం మావాడు సెల్‌ఫోనులో ఇంగ్లీషు పాట పెట్టుకుని వింటున్నాడు. వాడు వినేది రాక్ సంగీతం. అది మొదలైతే మా ఇంటామె వంటింటి తలుపు వేసేసుకుంటుంది. ఆ రోజు మాత్రం తలుపు తీసే ఉన్నది. పాట మెత్తగా, నలుగురు పల్లెటూరివాళ్ళు అరుగుమీద చేరి పాడుకుంటున్నట్టున్నది.

"ఇదెవరురా?" అన్నాను.

"బాన్ జోవి నాయనా. నువ్వు రోజూ తిట్టేవాళ్ళే" అన్నాడు.

వాడు చెప్పిన కథ ఇది. బాన్ జోవి అనేది 1983లో అమెరికాలోని న్యూజెర్సీలో పుట్టిన పాటగాళ్ళ బృందం. ఎలెక్ట్రిక్ గిటార్లు, డ్రమ్ములు, వేలకొద్దీ జనం నిండిన మైదానాలు వాళ్ళ వ్యవహారం. ఇరవై ఏళ్ళు అలా సాగిన తరువాత, 2003లో తమ పాత పాటలనే మోత తగ్గించి కొత్తగా కట్టారు. 2006లో జెనిఫర్ నెటిల్స్ అనే ఆవిడతో కలిసి పాడిన పాట అక్కడి కంట్రీ పాటల పట్టికలో మొదటి స్థానానికి వచ్చింది. సొంత ఇంటికి తిరిగిపోవడం గురించిన పాట అది. ఆ మరుసటి ఏడు దానికి గ్రామీ బహుమతి కూడా వచ్చింది. 2007లో 'లాస్ట్ హైవే' అనే ఆల్బం నిండా అదే పల్లెటూరి పోకడ పోయారు.

ఈ కంట్రీ అనేది ఏమిటయ్యా అంటే, మన పల్లెపదాలవంటిదే. స్కాట్లాండు, ఐర్లండుల నుంచి అమెరికాకు వలసపోయినవాళ్ళు తమతో తెచ్చుకున్న కథాగీతాలు, ఫిడేలు వరుసలు; ఆఫ్రికా సంతతివాళ్ళ బాంజో, వాళ్ళ బ్లూస్ పాటలు; ఇవన్నీ కలిసి తయారైనది. అంటే, ఊరు వదిలిపెట్టి వచ్చినవాళ్ళు పాటను మాత్రం వదిలిపెట్టలేదన్నమాట.

ఇంతకూ ఆ వరుసలు మనకు పరాయివి కావు. మన తిరుత్తణి కొండమీద సుబ్రహ్మణ్యస్వామి ఒక ముసలివాని రూపంలో వచ్చి ముత్తుస్వామి దీక్షితులవారి నోట కలకండ పెట్టినట్టు, అప్పుడే ఆయన మొదటి కృతి పాడినట్టు పెద్దలు చెప్పే కథ మీ అందరికీ తెలిసినదే. ఆ కృతి మాయామాళవగౌళ రాగంలోది. అంటే పిల్లలకు సరళీ వరుసలు చెప్పే రాగమే. అంతటి మహానుభావుడు మొదటి మాట చెప్పింది మొదటి పాఠపు రాగంలో! ఆయనే అంతకుముందు మద్రాసు దగ్గర మణలిలో ఉన్న రోజుల్లో, కోటలోని కంపెనీ వాళ్ళ బ్యాండు వాయించే ఐరిష్, స్కాటిష్ వరుసలు విని, వాటికి సంస్కృతంలో మాటలు కట్టాడు. నోట్టుస్వరాలని పేరు. సుమారు 40 ఉన్నవి, అన్నీ శంకరాభరణ స్వరాలలో సాగేవి. చిన్నపిల్లలు సైతం పాడగలరు. ఫిడేలును మన కచేరీలోకి తెచ్చినవాడు ఆయన తమ్ముడు బాలుస్వామి దీక్షితులు. ఒకే దేశపు వరుసలు ఒక ఓడలో అమెరికాకూ, ఇంకొక ఓడలో మద్రాసుకూ చేరినవి చూడండి!

ఇక మన గోష్ఠి సంగతికి వస్తాను. అసలు చెప్పదలచినది అదే.

మా తాతల నాడు హార్మోనియం, మృదంగం, తాళాలు, చిడతలు. అంతే. పదేళ్ళ కిందట చీటీ డబ్బుతో కీబోర్డు, ఎలెక్ట్రిక్ ప్యాడు, రెండు పెద్ద స్పీకరు పెట్టెలు కొన్నాము. కొన్నందుకు తప్పు పట్టను. అప్పటికి గోష్ఠిలో ఆరుగురమే మిగిలి ఉన్నాము. కీబోర్డు వచ్చిన తరువాత పిల్లకాయలు ఇరవైమంది చేరారు. ఆ పెట్టెలే లేకపోతే మందిరానికి తాళం పడి ఉండేది.

పోయిన ధనుర్మాసంలో ఒక తెల్లవారుజామున భజన నడుమ కరెంటు పోయింది. కీబోర్డు మూగబోయింది. అటక మీది హార్మోనియం దించి, దుమ్ము తుడిచి, మా పెదనాయన ముందుకు జరిపాము. ఆయనకు ఎనభై దాటింది. మెల్లగా శ్రుతి పట్టాడు. ఒక్కొక్క పిల్లవాడూ ఒక్కొక్క నామం అందుకోవాలని ఏర్పాటు. ఎనిమిదో తరగతి కుర్రవాడు ఒకడు, పాపం మంచి గొంతు, "పాలకృష్ణా" అని ఎత్తుకున్నాడు. అందరూ ఘొల్లున నవ్వారు. బాలకృష్ణుడు కాస్తా పాలకృష్ణుడైనాడు!

వాడు చిన్నబోయి తన నోటుపుస్తకం చూపించాడు. తమిళ అక్షరాలలో రాసుకున్నాడు. ఆ లిపిలో ప, బ, భ అన్నిటికీ ఒక్కటే అక్షరం. పలుకు తెలిసినవాడికి చిక్కులేదు; తెలియనివాడికి బాలుడూ పాలూ ఒకటే. రెండేళ్ళుగా వాడు అలాగే పాడుతున్నాడట. ఆ మోతలో ఒక్కరికీ వినబడలేదు.

"వాణ్ణి నవ్వబాకండిరా" అన్నాడు పెదనాయన. "రాసుకున్నది వాడు సరిగానే చదివినాడు. అక్షరం చెప్పనిది మనం."

నాకు తల కొట్టేసినట్టయింది. 1960 ఏప్రిల్ 1న ఈ ప్రాంతం చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రానికి వచ్చింది. 2006 చట్టంతో బడిలో తమిళం మొదటి భాషగా తప్పనిసరి అయింది. తమిళం నాకూ అన్నం పెట్టే భాషే, దానిమీద నాకు కోపం లేదు. బడి చెప్పనిది ఇల్లు చెప్పవచ్చును గదా! ఆఫీసులో తమిళంలోను, ఇంగ్లీషులోను ఇతరుల తప్పులు దిద్దే నేను, నా కొడుక్కు తెలుగు ఒత్తు ఒక్కటి నేర్పలేదు. వాడి భజన పుస్తకమూ తమిళ లిపిలోనే ఉన్నది. ఇంటికిపోయి చూసుకున్నాను.

తరువాతి ఆదివారం గోష్ఠి సమావేశం పెట్టాము. ఎలెక్ట్రిక్ వాద్యాలు మానేద్దామన్నారు పెద్దలు. కీబోర్డు వాయించే అబ్బాయికి రోషం వచ్చింది. "అయితే మేమూ రాము అన్నా. మీరే ఆరుగురూ పాడుకోండి" అన్నాడు. వాడన్నదీ నిజమే. చివరకు ఒక ఒడంబడికకు వచ్చాము. శనివారాలు కరెంటు వాద్యాలు ఉండవు. భజనకు ముందు అరగంట తెలుగు అక్షరాలు. శ్రీరామనవమి మొదలైన పండుగలకు కీబోర్డు ఉంటుంది. ఆ బాన్ జోవి వాళ్ళు కూడా 2009లో మళ్ళీ తమ రాక్ ధోరణికే వచ్చారని మావాడు చెప్పాడు. పెట్టెలను పారవెయ్యనక్కరలేదు, ఆపడం తెలిస్తే చాలును.

ఫలితం గొప్పగా చెప్పుకోదగినది కాదు. ముగ్గురు రావడం మానేశారు. ఏడుగురు పలక పట్టారు. అందులో మావాడొకడు, వాడికి ఒత్తులు ఇంకా తిన్నగా రావు. పాలకృష్ణుని కుర్రవాడు మాత్రం తన నోటుపుస్తకం మొదటి పేజీలో 'బ' అని పెద్దదిగా రాసుకున్నాడు. కీబోర్డు అబ్బాయి ఇప్పుడు శనివారాలు హార్మోనియం నేర్చుకుంటున్నాడు. పెదనాయన వేళ్ళు వణుకుతున్నవి మరి, ఎన్నాళ్ళని వాయిస్తాడు?

ఏటా డిసెంబరు 31న తిరుత్తణి 365 మెట్ల దగ్గర పడిపూజ, భజనలు జరుగుతవి గదా. ఈసారి మా పిల్లలు కరెంటు పెట్టెలు లేకుండా, తెలుగులో రాసుకున్న పుస్తకం చూసి మెట్టుమెట్టుకూ పాడుతూ ఎక్కాలని పెదనాయన కోరిక. తాను ఎక్కలేనుగాని, కింది మెట్టు మీద కూర్చుని వింటానంటున్నాడు.

మీ ఇంట అటక మీద హార్మోనియం ఉంటే ఒకసారి దించి చూడండి. అది లేకపోయినా, మీ పిల్లల పాటల పుస్తకం తెరిచి ఏ లిపిలో ఉన్నదో చూడండి. శనివారం సాయంత్రం ఆరు గంటలకు మా మందిరం తలుపు తీసే ఉంటుంది.